ఆరూ పదికి హలో అక్క

మా మరదలు పదకొండేళ్ల పాటు ప్రతి ఉదయం ఆరూ పదికి రెండు వందల పద్నాలుగు మందితో ఒకేసారి ఫోన్లో మాట్లాడేది. ఆ సమయానికి తను మాత్రం ఇంట్లో నోరు తెరుచుకుని గుర్రుపెట్టి నిద్రపోతూ ఉండేది.

కనుబొమలు దించండి, కొంచెం వెనక్కి తగ్గుతాను. రెండు వందల పద్నాలుగు అన్నది ఫోన్ల లెక్క. అందులో కొన్ని తాళం వేసిన గదుల్లో ఉండేవి, అక్కడ ఎత్తడానికి బల్లులు తప్ప ఎవరూ లేరు. గుర్రు సంగతి నా తోడల్లుడు చెప్పాడు. సొంత భార్య మీద చెప్పాడు కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదు. మిగిలినదంతా నిజం. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధమాడితే మదర్ మమ్మల్ని మోకాళ్ల మీద నిలబెట్టేది. ఆ మోకాళ్లతోనే ఇప్పుడు మెట్లెక్కుతున్నాను కాబట్టి, చేతనైనంత వరకు నిజమే రాస్తాను.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. పెద్దాసుపత్రిలో ఫోన్లు చూసుకునే ఉద్యోగం. ఇరవయ్యో ఏట చేరింది. అప్పట్లో ఎక్స్‌ఛేంజి అంటే లిఫ్టు పక్కన కిటికీ లేని గది. గోడ నిండా చిల్లుల బోర్డు, దాని ముందు కుర్చీ, చేతిలో తీగలు. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఈ తీగ ఆ చిల్లులో గుచ్చాలి. ఆ కుర్చీలో కూర్చున్న ఆపరేటరు పొద్దున్నే చేసే మొదటి పని ఒకటుండేది. వార్డు తర్వాత వార్డుకు ఫోన్ చేసి, "హలో, లైను చూస్తున్నా, వినపడుతోందా?" అని అడగడం. అవతలి నర్సు వినపడుతోందంటే తర్వాతి వార్డు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ముందున్న ఆపరేటరు చేసింది, ఆవిడకు ముందున్నావిడ చేసింది, మా మరదలూ చేసింది. అలా నర్సులందరికీ ఆవిడ హలో అక్క అయిపోయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

కొన్నేళ్లకు బోర్డు పోయింది, కంప్యూటర్ల తీగ మీదే ఫోన్లూ నడిచే కాలం వచ్చింది. ఒక కంపెనీ వాళ్లు నల్లటి డబ్బా ఒకటి తెచ్చి బిగించారు. దాని లోపల ఏముందో చూడకూడదు. కొత్త ఫోను ఒకటి పెట్టాలంటే ఉత్తరం రాసి, లైసెన్సు కోసం మూడు వారాలు ఎదురుచూడాలి. అయినా పని చేసినన్నాళ్లు బాగానే చేసింది. ఒక సోమవారం మధ్యాహ్నం దాని తెర మీద "గడువు ముగిసింది" అని పడింది. ఆసుపత్రిలో ఫోన్లన్నీ మూగబోయాయి. గడువు పెంచాలంటే కంపెనీకి ఫోన్ చెయ్యాలి. చెయ్యడానికి ఫోను లేదు. మరదలు రోడ్డవతల మందుల షాపుకి పరిగెత్తి అక్కణ్నుంచి చేసింది. ఈలోగా కంపెనీ చేతులు మారిందట. "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని ఒక గొంతు నలభై నిమిషాలు సంగీతం వినిపించి, ఆ తర్వాత తనే పెట్టేసింది. ఆ సాయంత్రం దాకా వార్డు ఆయాలు చీటీలు పట్టుకుని మెట్ల మీద పరుగులు పెట్టారు. ఒకావిడ కాలు బెణికి, తను చీటీ తీసుకెళ్లిన ఎముకల వార్డులోనే పడుకుంది.

ఆ రోజు మరదలికి పట్టుదల వచ్చింది. ఫోన్ల ఎక్స్‌ఛేంజి నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఇంటర్నెట్టులో ఊరికే దొరుకుతుందని, దాని లోపలి రాతంతా తెరిచే ఉంటుందని, ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఎక్కడో చదివింది. మన భాషలో చెప్పాలంటే, నల్ల డబ్బా తాళం వేసిన వంటిల్లు, ఇది తలుపుల్లేని వంటిల్లు. ఆఫీసు వాళ్లు పారేసిన కంప్యూటర్ని దుప్పట్లు దాచే గదిలోకి చేర్చింది, అక్కడైతే చల్లగా ఉంటుందని. ఆర్నెల్లు దాని ముందు కూర్చుంది. ముక్కూ మొహం తెలియని వాళ్లను ఏవేవో అడిగేది, వాళ్లు జవాబులు రాసేవాళ్లు.

"ఎవరే వాళ్లంతా?" అని నేనడిగాను.

"తెలీదు బావా. ఒకడు తన ఫోటో బదులు కప్ప బొమ్మ పెట్టుకున్నాడు. ఆ కప్పే నాకు ఎక్కువ నేర్పింది."

ఏడో నెలలో ఆసుపత్రి ఫోన్లన్నీ ఆ దుప్పట్ల గది మీద నడిచాయి. పదకొండేళ్లు నడిచాయి. పొద్దుటి పనిని కూడా ఆవిడ దానికే అప్పగించింది. తన గొంతు పట్టి అందులో పెట్టింది. ఆరూ పదికి అన్ని ఫోన్లూ ఒక్కసారిగా మోగేవి. "హలో, లైను చూస్తున్నా. వినపడితే ఒకటి నొక్కండి." ఎవరు నొక్కలేదో ఆరూ పదిహేనుకల్లా మరదలి సెల్లుకు జాబితా వచ్చేది. ఆవిడ గుర్రు అక్కడితో ఆగేది.

లోపల రాసిన ప్రతి వరస పక్కనా చిన్న గమనిక పెట్టుకునేది, తెలుగులోనే. నేను చూశాను. "ఈ వరస ముట్టుకోవద్దు. ముట్టుకుంటే పిల్లల వార్డు బదులు వంటగది మోగుతుంది. ఎందుకో నాకూ తెలీదు." ఇంకోచోట, "ఇది రాసినప్పుడు జ్వరం. అనుమానంగా చదువు." మరోచోట, "ముందు వెళ్లి మంచినీళ్లు తాగిరా. తర్వాత చదువు."

"ఎవరికే ఈ సలహాలన్నీ?"

"నా తర్వాత వచ్చేవాళ్లకి."

ఎవరూ రాలేదు. అదే ఈ కథలో దిగులు. సూపరింటెండెంటు గారు వచ్చిన అతిథులకల్లా ఆ గది చూపించి, "మాది పూర్తిగా తెరిచిన వ్యవస్థ, ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు" అని మురిసిపోయేవారు. ఒకసారి మరదలు ఉండబట్టలేక అడిగింది.

"ఎవరైనా అంటే ఎవరు సార్?"

"అదేంటమ్మా, మీరున్నారుగా!"

ఆ మాటకు ఆయన నవ్వారు, ఈవిడ నవ్వలేదు.

ఆ ఎవరైనా అన్న మనిషి బతుకు ఎలా గడిచిందో చెబుతాను. మా ఇంటి ఆల్బంలో మరదలి కుడి చెవి కనపడే ఫోటో ఒక్కటీ లేదు. ఎవరింటికి వెళ్లినా ముందు ప్లగ్గు ఎక్కడుందో చూసి, దాని పక్క కుర్చీలో కూర్చునేది. స్నానానికి వెళ్తే సబ్బు పెట్టె పక్కన సెల్లు. మా ఆవిడ ఆపరేషను రోజున నా చెయ్యి పట్టుకుని ధైర్యం చెబుతూ, ఇంకో చేత్తో "ఆ డబ్బాని ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమ్మా" అని ఎవరికో చెప్పింది. వరసగా నాలుగు రోజులు సెలవు పెట్టి ఎరగదు. నా తోడల్లుడు రైలు గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు రైలు చివరి పెట్టెలో వెనక్కి చూస్తూ కూర్చున్న మనిషి. ఒక్కసారి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, కిటికీలోంచి ముందుకు చూస్తూ పోవాలని ఆయన కోరిక. కొండల్లో ఒక ఊరు కూడా చూసిపెట్టుకున్నాడు. దానికున్న గొప్పతనం ఒక్కటే, అక్కడ సిగ్నలు రాదు.

"వచ్చే ఏడు వెళ్దాం" అనేది మరదలు. ఏడేళ్లు అలాగే అంది. ఎనిమిదో ఏట ఆయన అడగడం మానేశాడు. ఆ మానేయడమే ఆవిడకి గుచ్చుకుందని మా ఆవిడతో చెప్పుకుందట.

ఆ ఏడే ఇంకో కంపెనీ వాళ్లు కొత్త ఎక్స్‌ఛేంజి పెడతామని వచ్చారు. ఇదీ మూసిన డబ్బాయే, కాకపోతే నున్నగా, తెల్లగా ఉంది. కమిటీ కూర్చుంది. తెరిచిన దాని పక్షాన మరదలు గట్టిగా వాదిస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ లేచి, కంపెనీదే తీసుకోమంది. సూపరింటెండెంటు గారు కళ్లజోడు తీసేశారు.

"మీరా ఈ మాట అంటున్నది? పాత డబ్బా మనల్ని నడిరోడ్డు మీద వదిలేసిందని మీరేగా..."

"అన్నాను సార్. మనది మంచిదే. కంపెనీవాళ్ల డబ్బా కంటే మంచిది. కానీ వాళ్లది చెడితే వాళ్లకి ఫోన్ చేస్తారు, ఎవరో ఒకరు ఎత్తుతారు. మనది చెడితే నాకు చేస్తారు, నేనే ఎత్తుతాను. నాకిక ఎత్తాలని లేదు సార్."

తెల్ల డబ్బా ఖాయమైంది. ఆ సాయంత్రమే మరదలు ఇంటికి పోయి భర్తను టిక్కెట్లు కొనమంది. కొత్తది మొదలైన మర్నాడు, సోమవారం, పదీ నలభై బండికి.

కంపెనీ ఇంజనీరు మర్యాదస్తుడు. చొక్కా మీద ఒక్క ముడత ఉండేది కాదు. "మేడమ్, మీ ఫోన్లు ఏమేం చేస్తాయో ఒక్కటీ వదలకుండా రాసివ్వండి. రాసినవన్నీ చేస్తాం, రాయనివి చెయ్యం" అన్నాడు. మరదలు పద్నాలుగు పేజీలు రాసిచ్చింది. ఏ ఫోను ఎన్నిసార్లు మోగాక ఎక్కడికి మళ్లాలి, డాక్టరు ఎత్తకపోతే ఎవరికి పోవాలి, అన్నీ. ఆరూ పది సంగతి మాత్రం రాయలేదు. మరిచిపోయిందంటే నేనొప్పుకోను. ఆ ప్రశ్న ఫోన్లు చేసే పనుల గురించి కదా. పొద్దున్నే వార్డులను పలకరించడం ఆవిడ దృష్టిలో ఫోన్ల పని కాదు, తను చేసే పని. మనం ఇంట్లో ఉన్న సామాన్ల జాబితా రాస్తూ అందులో మనల్ని రాసుకుంటామా?

ఆదివారం సాయంత్రం కొత్త డబ్బా మొదలైంది. సోమవారం ఆరూ పదికి ఏ ఫోనూ మోగలేదు.

ఆ తర్వాత ఏమైందో నాకు పిల్లల వార్డు పెద్ద సిస్టర్ చెప్పింది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆ పని నాకు వదిలేసింది. పదకొండేళ్లలో ఆ పిలుపు లైను చూసుకోవడం దాటి పోయిందట. హలో అక్క గొంతు వినపడగానే రాత్రి నర్సులు లేచి జ్వరాలు చూడటం మొదలుపెట్టేవారు. వంటగదిలో పాల గిన్నెలు పొయ్యెక్కేవి. తుడిచేవాళ్లు బకెట్లు అందుకునేవారు. ఆ సోమవారం అందరూ దాని కోసం చూస్తూ కూర్చున్నారు. ఇంకా ఆరూ పది కాలేదేమో అనుకున్నారు. గోడ గడియారం తప్పు చూపిస్తోందని ఒకావిడ దానికి కొత్త బ్యాటరీ కూడా వేసింది. పాలు ఏడింటికి, జ్వరాలు ఏడున్నరకు. అంతవరకు నవ్వుకోవచ్చు. ఎనిమిది దాటాక పిల్లల వార్డులో ఒక చంటిదానికి ఊపిరి అందలేదు. పెద్ద సిస్టర్ డాక్టరు కోసం ఫోన్ ఎత్తింది. చప్పుడు లేదు. ఆదివారం తీగలు మార్చినప్పుడు ఆ వార్డు తీగ ఒకటి సరిగా దిగలేదు. ఆరూ పది పిలుపు ఉండుంటే ఆరూ పదిహేనుకే తెలిసేది. ఆవిడ రెండంతస్తులు పరుగెత్తి డాక్టరు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. చంటిది గట్టెక్కింది.

తొమ్మిదీ నలభైకి మేం నలుగురం ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. నేనూ మా ఆవిడా సాగనంపడానికి వెళ్లాం. నా చేతిలో మంచినీళ్ల సీసా, తోడల్లుడి చేతిలో టిక్కెట్లు. ఆయన వాటిని జేబులో పెట్టుకోకుండా పట్టుకునే నిలబడ్డాడు. మరదలి సెల్లు మోగింది. ఆయన దాని వంక చూడలేదు, పట్టాల వంక చూశాడు.

సూపరింటెండెంటు గారు. జరిగింది చెప్పారు. ఆరూ పది పిలుపు కావాలంటే అది వేరే ప్యాకేజీలో ఉందని, పైనుంచి రావడానికి ఆరు వారాలు పడుతుందని కంపెనీ వాళ్లన్నారట. లోపల మార్చడానికి ఇక్కడి ఇంజనీరుకి కూడా అధికారం లేదట.

"ఒక్క గంట రండమ్మా. కారు పంపిస్తాను."

మరదలు సెల్లు చెవికి పెట్టుకునే భర్త వైపు తిరిగింది. ఆయన అప్పటికే టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు, అలవాటైన పనిలాగా.

"వెళ్లు. నేను బ్యాగులు ఇంటికి తీసుకెళ్తాలే" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మరదలు భర్త జేబు వంకే చూస్తూ నిలబడింది. నేను చెబుతున్నాను, ఆ నిలబడినంతసేపట్లో రెండు గూడ్సు బళ్లు పోయాయి. సరే, ఒకటి.

"నేను రాను సార్" అంది చివరికి. "పాత కంప్యూటరు దుప్పట్ల గదిలోనే ఉంది. ఎవరినైనా దాని ముందు కూర్చోబెట్టండి."

"ఎవరికొచ్చమ్మా అదంతా?"

"తెరిచే ఉంది సార్. పదకొండేళ్ల నుంచీ తెరిచే ఉంది. చదవగలిగితే చాలు."

కూర్చున్నది పెద్ద సిస్టర్. పొద్దుట పరుగెత్తిన కాళ్లు ఆవిడవి కాబట్టి, ఎవరూ చెప్పకుండానే వచ్చి, సూపరింటెండెంటు గారి సెల్లు అందుకుని కూర్చుందట. పక్కన ఇంజనీరు నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. ఇతరుల సాఫ్ట్‌వేర్ ముట్టుకోనని కంపెనీకి సంతకం పెట్టి ఉన్నాడు పాపం.

"అక్కా, తెరిచాను. ఇదేంటి, మంచినీళ్లు తాగిరా అని ఉంది?"

"తాగావా?"

"నీళ్లెక్కడ తాగేది! గుండె దడదడలాడుతుంటే."

"అందుకే రాశాను. తాగిరా."

తాగొచ్చింది. మరదలు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ ఫైలు మొత్తం కళ్లముందు ఉన్నట్టు చెప్పుకుంటూ పోయింది. కొత్త డబ్బాలో తన బల్ల మీది ఫోనుకు ఒక లైసెన్సు ఉంది. కొత్త డబ్బా వచ్చాక ఆ బల్ల దగ్గర కూర్చునే పని ఎవరికీ లేదు. ఆ నంబరు పాత కంప్యూటరుకి ఇస్తే, తెల్ల డబ్బా దాన్ని ఇంకో ఫోను అనుకుంటుంది. ఒక ఫోను నుంచి ఒక్కసారి ఒక్కరితోనే మాట్లాడొచ్చు కాబట్టి, అన్నీ కలిసి మోగవు. వార్డు తర్వాత వార్డు, నలభై వార్డులు, ఒకదాని తర్వాత ఒకటి.

"తప్పొచ్చింది అక్కా! ఎర్రగా ఏదో పడింది."

ఇంజనీరు కిటికీలోంచి ఆకాశం చూస్తూ, ఎవరితోనో కానట్టు, "కొంతమంది అక్కడ బ్రాకెట్టు మూయడం మర్చిపోతుంటారు" అన్నాడట.

"మూశాను! పోయింది!"

ఇంతలో బండి వచ్చింది. మరదలు సెల్లు దించకుండానే ఎక్కింది. తోడల్లుడు బ్యాగులెక్కించాడు గానీ కూర్చోలేదు, దిగమంటే దిగడానికి వీలుగా తలుపు దగ్గరే నిలబడ్డాడు. బండి కదిలాక కూడా కిటికీలో ఆవిడ కుడి చెవి కనపడలేదు. కొండలు మొదలయ్యే చోట, "ఇంకొక్క వరస ఉంది, అది..." అంటుండగా సిగ్నలు పోయిందట. ఆవిడ ఆ సెల్లును ఒళ్లో పెట్టుకుని, పక్కవాళ్లు దాన్ని నిద్ర లేపుతారేమో అన్నట్టు, కదలకుండా కూర్చుంది. అప్పుడు తోడల్లుడు వచ్చి పక్కన కూర్చుని, కిటికీ ఆవిడకి ఇచ్చాడు.

పది రోజులు ఉన్నారు. ఆ పది రోజులూ ఆవిడకు ఆరూ పదిహేనుకి ఠంచనుగా మెలకువ వచ్చేది. జాబితా కోసం సెల్లు చూసేది. ఏమీ ఉండేది కాదు. అన్నీ మోగాయో, ఏవీ మోగలేదో తెలియదు. దుప్పటి కప్పుకుని పైకప్పు చూస్తూ పడుకునేదని తోడల్లుడన్నాడు. ఏడో రోజుకి మళ్లీ గుర్రు వినపడిందట.

తిరిగొచ్చాక, నేరుగా దుప్పట్ల గదికి వెళ్లింది. పాత కంప్యూటరు వెచ్చగా ఉంది. ఫైలు తెరిచి చూసింది. వంటగది గురించి రాసిన గమనిక కింద ఎవరో కొత్తగా రాశారు. "అక్కా, నువ్వు చెప్పడం ఆపేశాక ఈ వరస నేనే ముట్టుకున్నాను. వంటగది మోగలేదు. ఎందుకో నాకూ తెలీదు." దాని కింద ఇంకొకరి రాత, పేరు లేకుండా, "ఇంకో బ్రాకెట్టు సరిచేశాను. నేను చెయ్యలేదు." మరదలు ఆ రెండు గమనికలనూ అలాగే ఉంచి, తెర ఆపి, వచ్చేసింది. నెల తిరగకుండా ఉద్యోగానికి కాగితం పెట్టేసింది. వార్డుల్లో ఇప్పటికీ ఆరూ పదికి ఆవిడ గొంతే, ఒకదాని తర్వాత ఒకటిగా.

ఇదంతా రాసి నిన్న ఆవిడకి చదివి వినిపించాను. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని విన్నది. చదవడం అయ్యాక కూడా కళ్లు తెరవలేదు.

"ఆసుపత్రి వాళ్లు చదువుతారా బావా దీన్ని?"

"చదవొచ్చు."

"అయితే చివర్న ఇది కూడా రాయి. ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. నేను ఫోన్ల పని ఎప్పుడూ చెయ్యలేదు. ముప్పై ఏళ్లూ ఆ గదిలో దుప్పట్లు మడతపెట్టాను. ఆ గొంతు నాది కాదు. కప్ప ఎవరో నాకు తెలీదు."